నేను ఆబ్సెంట్ వేసిన ఆరు రోజులు

నేను మూసీ ఈది కాలేజీకి వెళ్లిన కథను ప్రతి ఏడూ కొత్త క్లాసుకు మొదటి రోజునే చెప్పేవాణ్ణి. డిగ్రీ చదివే రోజుల్లో నాది సైదాబాద్‌లో కిరాయి గది. ఒక వానాకాలం పొద్దున మూసారాంబాగ్ వంతెన మీదుగా నీళ్లు పొర్లుతున్నాయి. బస్సులు ఇవతలే ఆగిపోయాయి. అవతల తొమ్మిదిన్నరకు నా క్లాసు. పుస్తకాలు నెత్తికి కట్టుకుని, చెప్పులు నోట కరుచుకుని, నీళ్లలో దూకి, అంబర్‌పేట గట్టున తేలి, నీళ్లోడుతున్న బట్టలతోనే బెంచీ మీద కూర్చుని "ప్రెజెంట్ సార్" అన్నాను. ఈ కథ చెప్పడం మొదలుపెట్టిన ఏడు నేనొక్కణ్ణే ఈదాను. మరుసటి ఏడు నా పక్కన ఒక బర్రె చేరింది. ఆ పై ఏడు ఆ బర్రె నన్ను చూసి ధైర్యం తెచ్చుకుని నా వెనకే ఈదింది. నేను పాఠాలు చెప్పిన కాలేజీలో ఇంకో పదేళ్లు ఉండి ఉంటే బర్రెకు కూడా హాజరు వేయించేవాణ్ణి.

కాలేజీ దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్‌డిపో దాటాక వచ్చే ఒక సందులో ఉండేది. కింద మిఠాయి దుకాణం, దాని మీద కంప్యూటర్ కోచింగ్, ఆ పైన రెండు అంతస్తులు మావి. జిలేబీ వాసన మూడో అంతస్తు దాకా వచ్చేది. నేను బీకాం పిల్లలకు ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. ముప్పై దాటిన వయసు, ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం, నల్లగొండ పల్లె నుంచి వెంట తెచ్చుకున్న పెద్ద గొంతు. ఆ గొంతు చూసే కావచ్చు, హాజరు వ్యవహారమంతా ప్రిన్సిపాల్ నా చేతిలో పెట్టారు.

అధికారం చేతికొచ్చాక మనిషి ఊరుకుంటాడా? తొమ్మిదిన్నరకు గంట కొట్టగానే మెట్ల కింద ఇనుప జాలీ తలుపు మూయించాను. తలుపు మూశాక ఎవరొచ్చినా వాచ్‌మన్ దగ్గరున్న పుస్తకంలో నంబరు, టైము, ఆలస్యానికి కారణం రాసి సంతకం పెట్టాలి. క్లాసులోకి వచ్చాక వెనక బెంచీలోనే కూర్చోవాలి. నాలుగు ఆలస్యాలు ఒక ఆబ్సెంటుతో సమానం. డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే పరీక్షకు హాల్‌టికెట్ రాదన్నది యూనివర్సిటీ రూలు. మిగతావన్నీ నా సొంత తయారీ.

వాచ్‌మన్ మా జిల్లావాడే, అరవై దగ్గర పడ్డ మనిషి. చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాడు. "తలుపు మూసినంక ఎవరొచ్చినా సంతకమేనా సార్?" అని మొదటి రోజే ఖాయం చేసుకున్నాడు. "ఎవరొచ్చినా" అన్నాను. మర్నాడు ప్రిన్సిపాల్ చేత కూడా పెట్టించాడు.

ఆ పుస్తకంలో కారణాల గడి నాకు రోజూ మంచి కాలక్షేపం. కథలు అల్లేవాణ్ణి కాబట్టి ఇంకొకరి అల్లికకు మార్కులు వేయడం నాకు సరదా. నాదర్‌గుల్ వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు ఒకసారి "విమానం అడ్డు వచ్చినందున" అని రాశాడు.

"విమానమెట్ల అడ్డమొచ్చిందిరా?" అన్నాను.

"నేర్చుకునే విమానం సార్, మస్తు కిందికొచ్చింది. దాని సప్పుడుకు గొర్లన్నీ బెదిరి రోడ్డు మీదికొచ్చినయ్. బస్సాగింది. డ్రైవర్ దిగి గొర్లను తోలిండు."

"గొర్లెన్ని?"

"లెక్కబెట్టలే సార్."

"అందుకే ఐదు మార్కులు పోయినయ్. ఎన్ని గొర్లో చెప్పాలె. వెనక్కి పో."

క్లాసంతా నవ్వింది. నవ్వని మనిషి అప్పటికే వెనక బెంచీలో ఉంది. ఆమె రోజూ ఏడెనిమిది నిమిషాలు ఆలస్యం. పోచంపల్లి నేత కుటుంబం పిల్ల, వాళ్లు ఎల్బీనగర్‌కు వచ్చి చాలా ఏళ్లయిందని తర్వాత తెలిసింది. సంతకం పెట్టేది, టైము రాసేది, కారణం గడిలో ఒక గీత గీసేది. రోజూ అదే గీత. చిన్న అబద్ధం కూడా ఆడని ఆ గీత చూస్తే నాకు ఒళ్లు మండేది. "ఏదో ఒకటి రాయొచ్చు గద" అన్నానొకసారి. "ఏం రాయాలె సార్? లేటయింది" అంది.

అది తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న ఏడు. దసరాకు అటూ ఇటూ సమ్మె వచ్చింది. బస్సులు డిపోలోనే నిలిచిపోయాయి. బడులూ కాలేజీలూ బందు. మా స్టాఫ్‌రూంలో తెలంగాణదీ కోస్తాదీ రెండు రకాల తెలుగు వినిపించేది, ఆ రోజుల్లో రెండూ తగ్గి ఫ్యాను చప్పుడే ఎక్కువ వినిపించేది. మా ప్రిన్సిపాల్ కోస్తా నుంచి వచ్చి పాతికేళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి. నన్ను "మాస్టారూ" అనేవారు. సమ్మె మొదలైన రెండో రోజు నుంచి ఆయన ఇంట్లోనే ఉండిపోయారు. నేను ఊరేగింపుల్లోకి పోయాను. ఇద్దరమూ కాలేజీకి రాలేదు. కారణాలే వేరు.

సమ్మె ముగిశాక యాజమాన్యం నుంచి కబురు వచ్చింది. యూనివర్సిటీకి చూపించాల్సిన పని దినాలు తగ్గాయి, బందు రోజుల్లో ఒక ఇరవైకి క్లాసులు జరిగినట్టు రిజిస్టర్లు నింపాలి. ప్రిన్సిపాల్ తలెత్తకుండా చెప్పారు. "అందరూ చేస్తున్నారండీ. ఆ ఇరవై రోజులూ నింపేసి ఇవ్వండి మాస్టారూ."

నాలాంటివాడికి ఇలాంటి పని చెప్పడం ఎంత ప్రమాదమో ఆయనకు అప్పుడు తోచలేదు. మిగతా లెక్చరర్లు ఒకే పెన్నుతో, ఒకే ఊపులో, ఇరవై రోజులూ అందరికీ 'పి' పెట్టి అరగంటలో ముగించారు. నేను ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, మూడు పెన్నులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అరవై మంది ఇరవై రోజులూ వచ్చారంటే ఎవరు నమ్ముతారు? కథలో నమ్మకం పుట్టాలంటే అక్కడక్కడా ఒక లోటుండాలి. ఒక రోజు నీలం సిరా, ఒక రోజు నలుపు. ఒకచోట చాయ్ మరక కూడా వేశాను. సోమవారాలు ఆబ్సెంట్లు కాస్త ఎక్కువ పెట్టాను, సోమవారం అలాగే ఉంటుంది కనుక. ఇక ఎవరికి 'ఎ' వేస్తే సహజంగా ఉంటుంది? ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాళ్లకు. విమానం కుర్రాడికి నాలుగు వేశాను. వెనక బెంచీ అమ్మాయికి ఆరు. రాసి ముగించి, దూరంగా పట్టుకుని చూసుకుని, అచ్చం నిజంలా ఉందని మురిసిపోయాను.

పరీక్షల ముందు హాల్‌టికెట్లు ఆపినవాళ్ల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. మా క్లాసు నుంచి ఒకే నంబరు. హాజరు డెబ్బై అయిదు శాతానికి కాస్త తక్కువ.

మర్నాడు ఆ అమ్మాయి స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడింది. ఆలస్యాల వల్ల కొంత తగ్గింది, అది ఆమెకూ తెలుసు, మిగతాది చూసుకోవాలంది. నేను రిజిస్టర్ తీసి చూపించకముందే నాకు తోచిన ఉపాయం చెప్పాను.

"జ్వరమొచ్చిందని డాక్టర్ కాగితం తెస్తే కొన్ని రోజులు మాఫీ ఉంటది. టైఫాయిడ్ అయితే ఖాయం. కామెర్లంటే ఇంకా మంచిది, నెల రోజులు ఎవరూ అడగరు."

"నాకు జరం రాలె సార్."

"వచ్చిందా రాలేదా అని కాదమ్మా..."

"రిజిస్టర్ జర చూపిస్తరా సార్?"

చూపించాను. వేలు పెట్టి ఒక్కో గడీ చూసుకుంటూ వచ్చింది. సమ్మె రోజుల దగ్గర వేలు ఆగింది. నా నీలం సిరా దగ్గర, నా నల్ల సిరా దగ్గర, చాయ్ మరక దగ్గర.

"ఈ దినాలు కాలేజి బందుండె గద సార్?"

నేను గొంతు సవరించుకున్నాను. "ఒక పూట తెరిచినం."

"లేదు సార్. నేనొచ్చిన. తాళమేసి ఉండె."

"వచ్చినవా?"

"నడుసుకుంట వచ్చిన. ఎల్బీనగర్ కాడికెల్లి. గంటకు ముందే వచ్చిన సార్. తొమ్మిదింపావుకే."

రోజూ ఆలస్యంగా వచ్చే మనిషి బందు రోజు గంటకు ముందే వచ్చిందంటే, కథలు అల్లే నాకు కూడా కొంచెం అతిగా అనిపించింది. అప్పుడు చెప్పింది, మొదటిసారి కారణం చెప్పింది. కొత్తపేటలో వాళ్ల చిన్నాయన చీరల దుకాణం. పొద్దున షట్టరెత్తి, ఊడ్చి, దీపం పెట్టి, ముందు రోజు విప్పిన చీరలు మడతలు పెట్టి, చిన్నాయన వచ్చేదాకా కూర్చోవాలి. ఆయన తొమ్మిదిన్నరకు వస్తే ఆమె అప్పుడు కదలాలి. సమ్మె రోజుల్లో దుకాణం కూడా బందు. ఏడాది మొత్తంలో ఆమె వేళకు రాగలిగినవి ఆ రోజులే. సరిగ్గా ఆ రోజులకే, సహజంగా ఉంటుందని, నేను ఆబ్సెంట్ వేశాను.

"నువ్వొచ్చినట్టు ఎవరన్నా చూసిన్రా?"

"వాచ్‌మన్ తాత చూసిండు. సంతకం గూడ పెట్టిచ్చుకున్నడు."

నేను మెట్లు దిగాను. వాచ్‌మన్ కుర్చీ కింద నుంచి పుస్తకం తీశాడు.

"బందు రోజుల్లో సంతకాలేంది పెద్దమనిషీ?"

"మీరే అంటిరి గద సార్, తలుపు మూసినంక ఎవరొచ్చినా పెట్టియ్యాలె అని. ఆ దినాలు తలుపు మొత్తం మూసే ఉండె. ఈ బిడ్డొక్కతే వచ్చేది. మెట్టు మీద కూసునేది, పదయినంక పోయేది."

టైము గడిలో తొమ్మిదీ పదిహేను, తొమ్మిదీ ఇరవై. పక్కన ఆమె సంతకం. కారణం గడిలో ఆమె గీత లేదు. ఆలస్యం లేదు కనుక ఆమె ఏమీ రాయలేదు. ఖాళీగా ఉంచకూడదన్నది కూడా నా ఆర్డరే. అందుకని వాచ్‌మనే తన వంకర అక్షరాలతో నింపాడు: "అమ్మాయి వచ్చింది. కాలేజీ రాలేదు."

ఆ పుస్తకం చంకలో పెట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాను, ఆ అమ్మాయి నా వెనక. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి నవ్వడం మొదలుపెట్టారు.

"బావుందండీ. కొత్తపేటలో పెళ్లి గుర్రం రోడ్డు మీద కూర్చుండిపోయిందని మొన్న మీరు చెప్పిన దానికన్నా బావుంది."

"ఇది నిజం సార్."

"గుర్రం అప్పుడూ అదే మాటన్నారు మాస్టారూ."

నా జీవితంలో మొదటిసారి నా మాట ఎవరైనా నమ్మితే బాగుండునని గట్టిగా అనిపించింది. పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన చదివారు. వాచ్‌మన్ రాసిన వాక్యం దగ్గర ఆగి, మళ్లీ చదివారు. నవ్వు పోయింది.

"నేను నింపమన్నాను కానీ నవల రాయమన్నానా? అందరికీ ప్రెజెంట్ వేసి ఊరుకోవచ్చు కదండీ!"

"నమ్మరు సార్."

"ఎవరు నమ్మరు? అసలెవరు చూస్తారండీ?"

నేను రిజిస్టర్ కూడా తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ అమ్మాయి వైపు చూసి, కూర్చోమని కుర్చీ చూపించారు. తర్వాత నా రిజిస్టర్‌నూ వాచ్‌మన్ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి తేదీలు పోల్చడం మొదలుపెట్టారు. ఒకటి దొరికింది. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరో తేదీ దగ్గర పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పారు. ఆ రోజు సంతకం లేదు.

నాకు నోరు ఊరుకోదు. "వాచ్‌మన్ చాయ్‌కి పోయుంటడు సార్. ఆ టైముకే ఈమె వచ్చి..."

"లేదు సార్" అంది ఆ అమ్మాయి. "ఆ దినం నేను రాలె."

ఆరూ సరిదిద్దితే ఎంత అవుతుందో, ఐదే అయితే సరిపోతుందో లేదో అప్పటికి మా ముగ్గురిలో ఎవరూ లెక్క వేయలేదు. నేను కళ్లతో సైగ చేశాను, ఊరుకొమ్మని. ఆమె చూడనట్టే ఉంది.

"ఆ దినం ఎల్బీనగర్ చౌరస్తల వంటావార్పు ఉండె సార్. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండిన్రు గద. మా అమ్మతోని పోయిన. ఉల్లిగడ్డలు కోసిన." నా వైపు తిరిగింది. "మీకు నేనే వడ్డించిన సార్. మీరు రెండోపారి గూడ పెట్టిచ్చుకున్నరు."

నాకు ఆ కిచిడీ గుర్తుంది. రోడ్డు మీద వరసగా కూర్చున్నాం, బాగా ఆకలి మీద ఉన్నాను. గరిటె గుర్తుంది, వేడి గుర్తుంది. వడ్డించిన చెయ్యి ఎవరిదో తలెత్తి చూడలేదు. అక్కడే ఆ రోజు మైకు దొరికి మూసీ కథ కూడా చెప్పాను. ఆ సారి బర్రె అవతలి గట్టెక్కి జై తెలంగాణ అంది.

ప్రిన్సిపాల్ కాగితం మీద లెక్క వేశారు. మళ్లీ వేశారు. గోడ మీద గడియారం ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుండేది. ఆ గదిలో అంతసేపు దాన్ని నేనెప్పుడూ చూడలేదు.

"సరిపోయిందమ్మా" అన్నారు. "ఒక్క రోజు కూడా ఎక్కువ లేదు. కానీ సరిపోయింది."

ఇక దిద్దుబాటు. రిజిస్టర్‌లో 'ఎ' కొట్టేసి 'పి' పెట్టాలంటే పక్కన కారణం రాసి లెక్చరర్ సంతకం పెట్టాలి. పెన్ను నా చేతికిచ్చారు. "నంబర్లు తారుమారైనందున" అని రాయబోయాను. ఆ అమ్మాయి కూర్చున్నచోటు నుంచి అక్షరాలు చూస్తోంది. మొదటి రెండు అక్షరాల దగ్గరే ఆగిపోయి కొట్టేశాను. "కంటి సమస్య వల్ల" అన్నది తోచింది. అదీ రాయలేదు. బర్రెను మూసీ దాటించినవాణ్ణి, ఒక చిన్న వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. ఇది యాజమాన్యం కంటబడితే జూన్‌లో నా ఉద్యోగం పొడిగించరు. ఇంట్లో ఏం చెప్పాలో, దానికొక కథ కూడా అప్పుడే మనసులో మొదలైంది. చివరికి రాశాను: "ఈ ఐదు రోజులు విద్యార్థిని వచ్చింది. అధ్యాపకుడు రాలేదు." సంతకం పెట్టాను.

ప్రిన్సిపాల్ చదివి, పెన్ను తీసుకుని, కింద తన గుండ్రటి అక్షరాలతో ఇంకో రెండు ముక్కలు చేర్చారు. "నేనూ రాలేదు." ముద్ర వేశారు. నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. ఆ సమ్మె గురించి ఆయనకూ నాకూ మధ్య జరిగిన మాటలు అంతకుముందూ లేవు, ఆ తర్వాతా లేవు. ఆ కాగితం మీద మాత్రం ఇద్దరం ఒకే మాట రాశాం.

హాల్‌టికెట్ చేతికొచ్చాక ఆ అమ్మాయి మెట్ల దగ్గర ఆగింది.

"సార్, ఒకటడగాల్నా? మూసీ నిజంగ ఈదిన్రా?"

వాచ్‌మన్ కింద నుంచి చెవులు రిక్కించాడు. అబద్ధం నాలుక చివరన సిద్ధంగానే ఉంది. కానీ ఆ పూట ఎందుకో అది కదల్లేదు.

"లేదమ్మా. వంతెన దాకా పోయిన. నీళ్లు చూసి మళ్లి, గదికి పోయి పండుకున్న. నా హాజరు దోస్తు చెప్పిండు."

"నాకు ఎర్కనే సార్" అంది. "మా మేనత్త ఇల్లు మూసారాంబాగ్ల. ఆ నీళ్లల్ల బర్రెలు గూడ దిగయ్."

"మరి బందని తెలిసీ, ఆ రోజులు అంత దూరం నడిచి ఎందుకొచ్చినవ్?"

కాసేపు హాల్‌టికెట్ మడతపెట్టి విప్పింది. "రోజూ ఎనకనే కూసుంట గద సార్. తొందరగ వస్తే, ఒక్కపారన్న ముందు బెంచిల కూసుందమనుకున్న. బందని ఎర్కనే. ఎప్పుడన్న తెరుస్తరేమోనని."

క్లాసులు అప్పటికే అయిపోయాయి. పరీక్షలే మిగిలాయి. నేను వాచ్‌మన్ దగ్గర తాళంచెవి తీసుకుని మూడో అంతస్తుకు నడిచాను. గది తెరిచాను. ఆమె సంకోచిస్తూ లోపలికి వచ్చి, ముందు బెంచీ దుమ్ము చున్నీతో తుడిచి కూర్చుంది. నేను బోర్డు దగ్గర నిలబడ్డాను. ఏం చెప్పాలో తెలియక చాక్‌పీసు తీసుకుని, చెప్పి చెప్పి అరిగిపోయిన డిమాండు గీత ఒకటి గీసి, దాని కింద రెండు ముక్కలు రాశాను.

ఆమె తలను ఇటు వంచింది, అటు వంచింది. కళ్లు చికిలించింది.

"ఏందమ్మా?"

"ఏం కనబడ్తలేదు సార్. కిటికీల కెల్లి ఎండ బోర్డు మీద పడుతున్నది. ఎనకనే మంచిగుంటది."

నేను నమ్మలేదు. వెళ్లి ఆ బెంచీ రెండో చివర కూర్చున్నాను. నాలుగేళ్లుగా ఆలస్యమైనవాళ్లను శిక్ష పేరుతో వెనక్కి పంపుతున్నవాణ్ణి, ముందు బెంచీలో ఒక్కసారీ కూర్చోలేదు. బోర్డంతా తెల్లగా మెరుస్తోంది. నేను రాసిన వాటిలో ఒక్క అక్షరమూ కనిపించలేదు. ఇన్నేళ్లూ వేళకు వచ్చిన పిల్లలు ఏం చూసి తలలూపారో మరి.

ఆ అమ్మాయి లేచి, బస్సు వేళయిందని చెప్పి వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుని, ఆ గది కిటికీకి పరదా కావాలని ప్రిన్సిపాల్‌కు కాగితం రాశాను. కారణం అని ఉన్నచోట, ఉన్న కారణమే రాశాను.